పంపు మనిషికి లైసెన్సు లేని రోజులు

మొన్న షాంటిలీలో తెలిసినవాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. భోజనాల దగ్గర, ఇక్కడే, అమెరికాలో పుట్టి పెరిగిన ఒకమ్మాయి నా పక్కన కూర్చుంది. నేను జీవితమంతా చేసిన పనే ఇప్పుడు తనూ చేస్తోందని తెలిసి ముచ్చటేసింది.

"అంకుల్, మళ్ళీ నా స్టేట్ లైసెన్స్ రెన్యూ చేయాలి. ఎన్ని ఫామ్సో తెలుసా? కేసెస్ లిస్ట్ కావాలి, క్లాసెస్ కావాలి. చెక్‌లిస్ట్‌లో ప్రతి బాక్స్‌కి సైన్ చేయాలి. ఇట్స్ టూ మచ్!" అంది పులిహోర తింటూ.

నేను నవ్వి ఊరుకున్నాను. చెప్పాల్సింది అక్కడే చెబితే ఆ పిల్ల ముద్ద దిగేది కాదు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. ఈ పనిలోకి వస్తున్న మన పిల్లలందరి కోసమూ రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే చెప్పేస్తే నాకూ తేలిక.

మా పని తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. గుండె ఆపరేషన్ చేసేటప్పుడు గుండెను ఆపేస్తారు. ఆ కాసేపూ రోగి రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, మళ్ళీ ఒంట్లోకి పంపే యంత్రం ఒకటుంటుంది. దాన్ని నడిపేవాణ్ణి పర్‌ఫ్యూజనిస్టు అంటారు. డెబ్భైల చివర్లో మమ్మల్ని అంత పెద్ద పేరుతో పిలిచేవాళ్ళు లేరు. 'పంపు మనిషి' అనేవారు. ఆ పంపు మనిషికి లైసెన్సు అడిగే రాష్ట్రం అప్పట్లో దేశంలో ఒక్కటీ లేదు.

నేను చదివింది బీఎస్సీ జువాలజీ. ముందొచ్చిన మా బావగారు పిలిపిస్తే వచ్చి, ఒక ఆసుపత్రిలో కుక్కల మీద ప్రయోగాలు చేసే ల్యాబులో చేరాను. రెండేళ్ళకు అక్కడి పంపు మనిషి రిటైరవుతూ, "చేతులు నెమ్మదిగా ఉన్నాయి, ఇతనైతే పనికొస్తాడు" అని నన్ను చూపించాడు. మూడు నెలలు ఆయన పక్కన నిలబడి చూశాను. నా చదువంతా అదే. ఆయన నేర్పినవన్నీ చేతికి అలవాటయ్యే పాఠాలు. "ట్యూబును కింద నుంచి పెట్టు, పై నుంచి తియ్యి" అనేవాడు. ఎందుకని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నేను మొదటి నుంచీ భయస్తుణ్ణి. ఇది దాచుకునే సంగతి కాదు. పంపు ముందు కూర్చున్న ప్రతి ఉదయమూ నాకు అరచేతులు చెమట పట్టేవి. మనిషి రక్తమంతా నా మోకాళ్ళ పక్కన ప్లాస్టిక్ ట్యూబుల్లో తిరుగుతూ ఉంటుంది. అందులోకి కాస్త గాలి పోయిందంటే మెదడుకు చేరుతుంది. అంతే సంగతులు. గాలిబుడగలు నాకు కలలోకి వచ్చేవి.

పరీక్షలన్నా అంతే భయం. మా పనికి దేశం మొత్తానికి ఒక బోర్డు పరీక్ష ఉండేది. రాసి తీరాలన్న నిర్బంధం లేదు. నాలాగా చూసి నేర్చుకున్నవాళ్ళను కూడా కొన్నాళ్ళు రాయనిచ్చారు. ఫారం తెప్పించుకున్నాను. నింపాను. కవరులో పెట్టి స్టాంపు కూడా అంటించాను. పోస్టు మాత్రం చేయలేదు. రాయనివాణ్ణి ఎవరూ ఏమీ అనరు, తప్పినవాణ్ణి అందరూ అంటారు కదా అని నా లెక్క. ఆ తర్వాత బడికెళ్ళి చదివినవాళ్ళే పరీక్షకు రావాలన్నారు. ఆ తలుపు మూసుకుపోయింది. ఇక ఆ ఆసుపత్రి వద్దంటే నన్ను మరో ఆసుపత్రి తీసుకోదు.

అదే సమయంలో మా ఆవిడ బ్యూటీ పార్లర్లో పనికి కుదరాలని స్టేట్ లైసెన్సు కోసం చదువుతోంది. సాధన నా నెత్తి మీదే జరిగేది.

"తల వంచండి. కదలకండి" అనేది కత్తెర ఆడిస్తూ. "జుట్టు కత్తిరించడానికి స్కూలుకెళ్ళాలంట, ఇన్ని గంటలని చూపించాలంట, ఆపైన స్టేట్ వాళ్ళు ఎగ్జామ్ పెడతారంట. మీకేంటండీ, మనిషి గుండె ఆపేసి దర్జాగా కూర్చుంటారు. ఒక్కడూ అడగడు!"

ఆమె వేళాకోళానికే అనేది. నాకు మాత్రం చెవులు వేడెక్కేవి.

ఎనభైల మొదట్లో ఒక అక్టోబరు ఉదయం. మా యంత్రంలో నాలుగు చిన్న పంపులుంటాయి, వాటిలో రెండోది బాగుచేయడానికి వెళ్ళింది. దాని బదులు ఒక స్పేర్ పంపు వాడుతున్నాం. మామూలుగానే ట్యూబులన్నీ అమర్చాను. ఆ రెండో పంపుకు వెళ్ళేది వెంట్. ఆపిన గుండె ఉబ్బిపోకుండా, దాని లోపల చేరే రక్తాన్ని ఆ ట్యూబు లాగేస్తూ ఉండాలి. పంపులోని రోలర్లు ట్యూబును ఒత్తుకుంటూ తిరుగుతాయి, టూత్‌పేస్టు నొక్కినట్టు. ఏ వైపుకి తిరిగితే ఆ వైపుకి తోస్తాయి. మా పాత పంపులో ఆ రోలర్లు ఎడమకు తిరిగేవి. ఈ స్పేర్ పంపులో కుడికి. నేను ఎప్పటిలా కింద నుంచి పెట్టి పై నుంచి తీశాను.

మా థియేటరులో డాక్టరు చేతికి పనిముట్లు అందించే నర్సమ్మ ఒకావిడ ఉండేది. నల్లజాతి ఆవిడ, యాభై దాటినామె. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరినీ 'హనీ' అనే పిలిచేది. ఆవిడకు ఒక అలవాటుంది. వెంట్ ట్యూబును డాక్టరుకు ఇచ్చేముందు దాని కొసను ఒక స్టీలు గిన్నెలోని సెలైన్ నీళ్ళలో ముంచి చూసేది. నీళ్ళు లాగితేనే అందించేది. అది రూలు కాదు, ఎవరూ చెయ్యమన్నది కాదు. "మళ్ళీ మొదలెట్టిందిరా గిన్నె పూజ" అని డాక్టరు ఎగతాళి చేసేవారు.

ఆ రోజు ముంచింది. నీళ్ళు లాగలేదు. గిన్నెలో బుడబుడమని బుడగలు వచ్చాయి.

మాస్కు పైనుంచి నా వైపు చూసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ట్యూబు అలాగే గుండెలోకి వెళ్ళి ఉంటే, రక్తాన్ని లాగాల్సింది పోయి గాలిని లోపలికి ఊదేది. ఆవిడ ట్యూబును క్లాంపుతో బిగించి మూసి, "హనీ, నీ రెండో పంపు ఒకసారి చూసుకో" అంది, ఉప్పు అందించమన్నంత మామూలుగా. డాక్టరు మత్తు ఇచ్చే ఆయనతో ఫుట్‌బాల్ గురించి వాదిస్తున్నారు. నేను పంపు ఆపి, ట్యూబు తీసి, తిప్పి పెట్టాను. ఆవిడ మళ్ళీ ముంచింది. నీళ్ళు లాగింది.

"దేనికోసం ఆగాం?" అన్నారు డాక్టరు.

"దేనికోసమూ లేదు" అని ఆవిడ ట్యూబు అందించింది.

ఆ రోగి ఆరోరోజున నడిచి ఇంటికెళ్ళాడు. నేను క్యాంటీన్‌లో కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటే ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఎవరికైనా చెబుతారా?" అని అడిగాను.

"నేను చెప్పను హనీ. అది నువ్వు చెప్పుకోవలసింది" అంది.

నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి వెంట్ ఎటు లాగుతోందో మూడుసార్లు చూసుకునేవాణ్ణి. పంపు మీద ఎర్ర టేపుతో బాణం గుర్తు అంటించాను. ఇది దేనికని డాక్టరు అడిగితే, "ఊరికే సార్" అన్నాను.

ఆ చలికాలంలోనే మా రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు పెట్టారు. పంపు నడిపేవాళ్ళందరికీ లైసెన్సు ఉండాలన్నది దాని సారాంశం. బడిలో చదివి ఉండాలి, బోర్డు పరీక్ష ప్యాసై ఉండాలి. పాతవాళ్ళకు కొంత మినహాయింపు ఉంటుంది గానీ, వాళ్ళ రికార్డు చూసి మరీ ఇస్తారట. మా డాక్టరుకు చిర్రెత్తింది. "నా థియేటరులో ఎవరు కూర్చోవాలో నేను చెబుతాను. రాజధానిలో కూర్చున్న గుమాస్తాలు కాదు" అన్నారు. మనిషి చెడ్డవారు కాదు. చేతిలో గొప్ప పనితనం ఉంది. తన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేక అలా తయారయ్యారంతే.

బిల్లు మీద కమిటీ ముందు మాట్లాడటానికి వెళుతూ నన్నూ రమ్మన్నారు. "నీకు లైసెన్సు లేదు, డిగ్రీ లేదు, అయినా ఒక్క ప్రమాదమూ జరగలేదు. అదే చెప్పు. నీకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?" అన్నారు. ఆసుపత్రి వాళ్ళు నా కోసం ఒక కాగితం టైపు చేసి ఇచ్చారు. 'నా పనిలో ఇంతవరకు ఏ ప్రమాదమూ నమోదు కాలేదు' అని అందులో ఉంది. ఒక రకంగా నిజమే. నమోదు కాలేదు.

ఆ రాత్రి మా ఆవిడకు గిన్నె సంగతి మొదటిసారి చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"ఎవరూ చనిపోలేదు కదా?"

"లేదు."

"మరింకేంటండీ? కాగితంలో ఉన్నది చదివేసి వచ్చేయండి. మీరు చెబితే ముందు పోయేది మీ ఉద్యోగమే. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు" అంది. మళ్ళీ తనే, "మీకు చెప్పాలనుందా?" అని అడిగింది. నేను ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరిలో డాక్టరు కారులోనే రాజధానికి వెళ్ళాం. రెండున్నర గంటల దారి. కమిటీ గది చిన్నది, వేడిగా ఉంది. అధ్యక్షుడు తెల్లజుట్టు పెద్దాయన, ఊళ్ళో పందుల ఫారం ఉందట. డాక్టరు బ్రహ్మాండంగా మాట్లాడారు. తర్వాత నన్ను పిలిచారు. ప్రమాణం కూడా చేయించలేదు. అబద్ధం చెప్పినా జైల్లో పెట్టరు.

కుర్చీలో కూర్చుని తలెత్తితే వెనక వరసలో నర్సమ్మ కనబడింది. సెలవు పెట్టి వచ్చినట్టుంది. నర్సుల సంఘం వాళ్ళతో కూర్చుంది. కాగితం చదివాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీశాడు. "నమోదు సంగతి నేను అడగడం లేదు బాబూ. నీకు ఎప్పుడైనా పొరపాటు జరిగిందా?"

నేను ధైర్యం చేసి నిజం చెప్పానని మీరు అనుకోవద్దు. ఆవిడ చూస్తుండగా అబద్ధమాడితే, రేపు ఉదయం అదే థియేటరులో ఆవిడ ముఖం ఎలా చూడాలన్న భయంతో చెప్పాను. అంతా చెప్పాను. పంపు, ట్యూబు, గిన్నె, బుడగలు. డాక్టరు వైపు మాత్రం చూడలేదు.

అధ్యక్షుడు నెమ్మదిగా అడిగాడు: "ఆ గిన్నెలో ముంచి చూడాలని ఏ చట్టంలో ఉంది?"

"ఎందులోనూ లేదు సార్."

"అంటే ఆ రోగిని కాపాడింది లైసెన్సు కాదు, ఒక మంచి నర్సు అలవాటు. అంతేగా? థాంక్యూ."

అయిపోయింది. నా నిజాన్నే తీసుకుని బిల్లును పక్కన పెట్టేశారు. ఆ నర్సుకు లైసెన్సు ఉందండీ, నాకే లేదు అన్న మాట నాకు పార్కింగ్ లాటులో తట్టింది. నాకు సరైన మాట ఎప్పుడూ అక్కడే తడుతుంది.

డాక్టరు కారులోనే తిరుగు ప్రయాణం. బయట మంచు, బీడు పొలాలు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మా ఆవిడకు ఎలా చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను. గంట గడిచాక ఆయన అన్నారు.

"ఆ ట్యూబు నా చేతిలోకే వచ్చేది."

"అవును సార్."

"నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది సార్."

తల ఊపారు. తర్వాత, దారి మీదనుంచి చూపు తిప్పకుండా, "ఏప్రిల్‌లో ఆ టీచరమ్మ కేసుకు పంపు మీద ఎవరున్నారు?" అని అడిగారు.

ఆవిడ సంగతి మీకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పకుండా దాటేద్దామనే అనుకున్నాను. ఆ అక్టోబరుకు ఆరు నెలల ముందు, మూడో తరగతి పాఠాలు చెప్పే ఒక టీచరమ్మకు గుండె కవాటం మార్చాం. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడ మాత్రం స్పృహలోకి రాలేదు. పదకొండు రోజులు అలాగే ఉండి, చనిపోయింది. పాత కవాటంలోంచి సున్నపు పెచ్చు ఊడి మెదడుకు చేరి ఉంటుందన్నారు డాక్టరు. అలా జరుగుతుంది కూడా. ఆమె భర్తకు అదే చెప్పారు. ఆయన అందరి చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

"నేనే ఉన్నాను సార్."

"వెంట్ లాగడం లేదని అన్నాను, గుర్తుందా?"

గుర్తుంది.

"నువ్వేం చేశావు?"

"ట్యూబు తీసి మళ్ళీ పెట్టాను."

"ఎందుకు? ట్యూబు జారిందా? తిరగబడి ఉందా?"

నేను కళ్ళు మూసుకుని ఆ రోజును వెతికాను. ట్యూబు జారడం, తీసి మళ్ళీ పెట్టడం అప్పట్లో మామూలు. చేతులు వాటంతట అవే చేసేసేవి. ఆ వారం నర్సమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉంది. ఆ నెలలో కూడా కొన్నాళ్ళు స్పేర్ పంపు వాడాం. ఏ రోజుల్లో వాడామో జ్ఞాపకం లేదు. నా వేళ్ళు ట్యూబు మీద ఉండటం కనబడుతోంది. అది ఎటు నుంచి ఎటు పోయిందో మాత్రం కనబడదు.

"తెలియదు సార్" అన్నాను. అక్టోబరు నుంచీ ఈ ప్రశ్న నా వెనకే తిరుగుతోందని, తిరిగి చూడలేక పరిగెడుతున్నానని ఆయనకు చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం పైపైది. లోపల ఉన్న భయం ఇది.

ఆసుపత్రికి చేరగానే ఇద్దరం కోట్లు కూడా విప్పకుండా రికార్డుల గదికి వెళ్ళాం. ఆ రోజు పంపు రికార్డు తీయించాం. అంతా నా దస్తూరీ. ఐదు నిమిషాలకోసారి రక్తం వేగం, ఒత్తిడి, ఉష్ణోగ్రత, ముత్యాల్లాంటి అంకెలు. ఏ పంపు వాడామో రాసే గడి లేదు. వెంట్ ఎటు తిరిగిందో చూశామని రాసే గడి లేదు. డాక్టరు రెండు వైపులా తిప్పి చూసి, ఫైలు మూశారు.

"ఆమె భర్తకు చెప్పాలా సార్?"

"ఏమని? మాకు తెలియదని చెప్పాలా?" అన్నారు. మెట్లు ఎక్కుతూ, "ఆలోచిస్తాను" అన్నారు. రిటైరయ్యేదాకా ఆలోచించారు. ఆయన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ భర్త ఫోన్ నంబరు ఫైలు మొదటి పేజీలోనే ఉంది, నేనూ చూశాను.

నన్ను తీసేయలేదు. వారం తిరిగేసరికి మా రికార్డులో రెండు కొత్త గడులు వచ్చాయి. ఒకటి పంపు నంబరు. రెండోది వెంట్ దిశ చూసినట్టు సంతకం. మరుసటి ఏడాది అదే బిల్లు మళ్ళీ వస్తే, డాక్టరు దాన్ని బలపరుస్తూ ఉత్తరం రాశారు. అప్పుడూ కదల్లేదు. లైసెన్సు వచ్చేసరికి ఆ దశాబ్దమే దాటిపోయింది. పాతవాళ్ళ మినహాయింపు కింద నాకూ ఒకటి ఇచ్చారు. ఏ ప్రశ్నా అడగలేదు.

ఇదంతా తర్వాతి మాట. కమిటీకి వెళ్ళొచ్చిన ఏడాది డిసెంబరులో మా థియేటరుకు ఒక రేకు డబ్బా వచ్చింది. నిండా ఇంట్లో చేసిన బిస్కెట్లు. పంపింది ఆ టీచరమ్మ భర్త. కిందటేడూ పంపాడు, తన భార్య చేసే పద్ధతిలోనే చేశానని రాశాడు. ఈసారి కార్డు మీద 'ఆమెను కాపాడటానికి మీరంతా చేయగలిగిందంతా చేశారని నాకు తెలుసు' అని ఉంది. డబ్బా చేతులు మారుతూ డాక్టరు దగ్గరికి వచ్చింది. ఆయన కార్డు చదివారు. ఒక బిస్కెట్టు తీసుకుని, డబ్బా నాకిచ్చారు. అందరూ ఉన్నారు. నేనూ ఒకటి తీసుకుని తిన్నాను.